నిండుకున్న ఇల్లు

ఆ వేళ ఆకాశం తూర్పున తోమక వదిలేసిన రాగిచెంబు రంగులో ఉంది. పడమట ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉంది. గాలి లేదు. కొబ్బరి మట్ట ఒక్కటీ కదలడం లేదు. కాకులు చెట్లెక్కకుండా ఇసక దిబ్బల మీద నడుస్తున్నాయి. చెట్టెక్కి బతికేవాడికి ఆకాశం చూడటం ఒకరు నేర్పక్కర్లేదు. దండాసి వాకిట్లో నిలబడి చాలాసేపు చూశాడు. చూసి, నడుముకి చుట్టుకోబోయిన మోకుని మళ్ళీ కొయ్యకి తగిలించాడు.

"ఎక్కవేటి?" అంది లోపల్నుంచి పెళ్ళాం దమయంతి.

"ఈయేళ నేదు."

"వానా?"

"వానొక్కటే అయితే బాగున్ను."

ఆమె మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలపైన దూలానికి కొట్టిన మేకుకి నీళ్ళసంచి వేలాడుతోంది. సంచిలోంచి దిగిన సన్నటి గొట్టం ఆమె పొట్టలోకి పోతుంది. ఆ నీళ్ళు లోపలికి పోయి కొన్ని గంటలుండి ఒంట్లో విషం పీల్చుకోవాలి, తరవాత కిందికి దిగిపోవాలి, మళ్ళీ కొత్త సంచి తగిలించాలి. మూత్రపిండాలు మానేసిన పని సంచులు చేస్తున్నాయి. ఉద్దానం తీరంలో ఇలా మేకుకి సంచి వేలాడని వీధి లేదు. పరీక్షలకని నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళూ, నెత్తురు పట్టుకెళ్ళినవాళ్ళూ ఎవరూ తిరిగొచ్చి జబ్బుకి కారణం ఇదీ అని గుల్లలపేటకి చెప్పలేదు.

చూరు కింద, ద్వారబంధం పైన, సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటుంది. దాని ఆకుపచ్చ దీపం వెలిగింది.

"శుభోదయం దండాసి గారూ. పెను తుఫాను రాబోతోంది. దమయంతి గారికి సంచులు సరిపడా ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. ఇంకా శానా రోజులకి వొస్తాయి."

"సంతోషం. జాగ్రత్తగా ఉండండి."

వంటింట్లో దండాసి తల్లి గున్నమ్మ పొయ్యి ఊదుతూ, ఆ పెట్టెని ఉద్దేశించి కేకేసింది. "పట్నం కోడలు లేచినాదేటి?"

"లేచినాదే."

"లేచి ఏటి సేసినాది? సంతోషపడిపోనాదా? ఒక్కనాడూ సెంబుడు నీళ్ళు తోడిన పాపాన పోనేదు గానీ, రోజూ సంతోషమే దానికి."

దమయంతి నవ్వింది. నవ్వితే గొట్టం దగ్గర లాగుతుంది, అందుకని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ పెట్టె అంతకుముందు ఎండాకాలంలో వచ్చింది. పట్నంలో ప్రయోగశాల నుంచి వైదేహి అనే ఆమె తెచ్చింది. ముప్పై దాటిన మనిషి, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతూ ఉండేది. అరుగు మీద కూర్చుని, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని చూపించినట్టు చూపించింది. తుఫానొస్తే తీగలు పడిపోతాయి, ఫోన్లు చచ్చిపోతాయి. అప్పుడు మందు ఎవరికి? ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి అరవగలిగినవాడికి. ఇసక చివర మంచం మీదున్నవాడికి కాదు. ఈ పెట్టెలు కరెంటుతో పని లేకుండా ఎండతో బతుకుతాయి, కప్పు నుంచి కప్పుకి మాట అందించుకుంటూ పట్నం దాకా చేరవేస్తాయి. అక్కడ ఒక యంత్రం అన్ని ఇళ్ళ మాటా ఒక్కసారే వింటుంది. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో చూసి, ముందు అక్కడికి డ్రోను పంపుతుంది. సిఫారసు లేదు, వరస లేదు.

"మీరు ఆఫీసు భాష మాట్లాడక్కర్లేదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చెప్పండి. అది నేర్చుకుంటుంది" అంది.

నేర్చుకోవడానికని ఊళ్ళో ప్రతి ఇంటి గొంతూ యంత్రంలో పట్టుకుంది. కాళ్ళు పొంగితే ఏమంటారు, ఆయాసం వస్తే ఏమంటారు, నొప్పిని ఏమని పిలుస్తారు. గున్నమ్మ కోళ్ళని తిట్టిన తిట్లు కూడా పట్టుకుంది. ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. ఆఖర్న వైదేహి అడిగింది. "ఇంట్లో సంచులు ఒక్కటి కూడా లేవనుకోండి. అప్పుడేమంటారు? ఒక్కొక్కరూ చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి.

"అదెందుకమ్మా అనడం?" అంది గున్నమ్మ.

"ఊరికేనమ్మమ్మా. యంత్రానికి తెలియడానికి."

"మనిషి మంచమ్మీద ఉండగా ఆ మాట ఎవుల నోటంట అనిపిస్తావు? తథాస్తు దేవతలు ఇంటి సూరట్టుకునే తిరుగుతారు. సొంటికొమ్మంత సిన్న సంగతని నువ్వు అనీగలవు. నాననను."

ఏ ఇంట్లోనూ ఎవరూ అనలేదు. వైదేహి బతిమాలి, విసిగి, చివరికి తనే నవ్వేసింది. "మా నాయనమ్మా ఇంతే. పోన్లెండి, ఆ నాలుగు ముక్కలూ పట్నంలో పిల్లల చేత చెప్పించుకుంటాం."

గుల్లలపేటలో మాట తీరే అంత. కుండలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. పుస్తెల తాడు తెగితే పెరిగిందంటారు. ఊరెళ్ళేవాడు వెళ్తాననడు, వెళ్ళొస్తానంటాడు. లేమిని పేరు పెట్టి పిలిస్తే వచ్చి ఇంట్లో కూర్చుంటుందని వాళ్ళ భయం. పిలవకపోయినా వచ్చి కూర్చున్న రోజులు ఎన్ని లేవు! అయినా పిలవలేదు.

తుఫాను ఆ రాత్రి తీరం తాకింది. ఏం జరిగిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెంకులు పోయాయి, తూర్పు గోడ కూలింది. సంచుల అట్టపెట్టెలు ఆ గోడవారనే ఉన్నాయి. తెల్లారి దండాసి మట్టి తవ్వి చూస్తే చాలావరకు చితికి, ఉప్పునీళ్ళలో నాని ఉన్నాయి. సీలు చెడనివి ఏరితే ఒక్క చంకలో పట్టాయి. బయటికొచ్చాడు. ఊరు ఊరంతా ఒకే వైపు తలపెట్టి పడుకుంది. తను ఎక్కిన చెట్లు, తన తండ్రి ఎక్కిన చెట్లు, దువ్విన జుట్టులా వరసగా నేలకొరిగి ఉన్నాయి. రోడ్డు ఎక్కడో ఆ చెట్ల కింద ఉంది.

పెట్టె మాత్రం చెక్కు చెదరలేదు. మబ్బులో ఎండ తక్కువ కాబట్టి మాట పొదుపు చేసుకుంది.

"దండాసి గారూ, సంచులు ఎలా ఉన్నాయి?"

దమయంతి మంచం మీదినుంచి తననే చూస్తోందని వీపుకి తెలుస్తోంది.

"నిండుకున్నాయమ్మా" అన్నాడు.

"సంతోషం. లేనివాళ్ళకి ముందు పంపుతున్నాం. జాగ్రత్తగా ఉండండి."

"సంతోషమేట్రా?" అంది గున్నమ్మ.

"పట్నం మర్యాద. లేనోళ్ళకి ముందంట. లేనోళ్ళం మనమే గదా."

గున్నమ్మకి అది సబబుగానే తోచింది. లేనివాళ్ళు అనే మాట తమ గురించి కాకుండా ఇంకెవరి గురించో అని ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వినలేదు.

నూతుల్లో ఉప్పు కలిసింది. ఊరంతా కొబ్బరి బొండాలు కొట్టుకుని తాగింది. ఎక్కక్కర్లేదు, వంగి తీసుకోవడమే. ఒక్క సంచుల ఇళ్ళలోవాళ్ళే తాగలేదు. మూత్రపిండాలు పనిచేయనివాళ్ళకి కొబ్బరినీళ్ళు గుండె ఆపేస్తాయని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. జబ్బు చేసినప్పట్నుంచి దమయంతి కొబ్బరినీళ్ళు నాలిక మీద వేసుకోలేదు. ఊళ్ళోకల్లా బాగా చెట్టెక్కేవాడి పెళ్ళాం. గుమ్మంలోంచి చూస్తే కనుచూపు మేరా బొండాలు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుని పడుకుంది. కాచి చల్లార్చిన వాననీళ్ళు గున్నమ్మ చెంచాతో పోసేది.

మర్నాడు పెట్టె అడిగింది, దండాసి అదే చెప్పాడు, పెట్టె అలాగే సంతోషించింది. రోజుకి నాలుగు సంచులు వేలాడాల్సిన మేకుకి రెండు వేలాడాయి, తరవాత ఒకటి. దమయంతి పాదాలు వత్తితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

ఆ పూటే ఆకాశంలో చప్పుడైంది. ఊళ్ళోవాళ్ళు డ్రోనుని గద్ద అంటారు. గద్ద వాళ్ళ ఇంటి మీదుగా వచ్చింది. దండాసి చేతులెత్తాడు. అది ఆగలేదు. పక్క వీధిలో తవిటయ్య ఇంటి ముందు దిగి, అట్టపెట్టె ఒకటి వదిలి లేచిపోయింది.

తవిటయ్య ఖరగ్‌పూరు రైలు యార్డులో మూటలు మోసి, ముసలితనమూ ఇదే జబ్బూ వెంటబెట్టుకుని ఊరు చేరిన మనిషి. వరసకి మావ. దండాసి వెళ్ళేసరికి అట్టపెట్టె పళ్ళతో చింపుతున్నాడు.

"నీ గద్ద రానేదేట్రా అల్లుడా?"

"రానేదు మావా. పూటపూటా సెప్తన్నాను."

"ఏటని?"

"సంచులు నిండుకున్నాయని."

తవిటయ్య నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే అట్టపెట్టె కింద పెట్టేశాడు.

"ఒరే. యార్డులో మాకో మేస్త్రీ ఉండీవాడు. పుస్తకం సూసి తెలుగు నేర్సినోడు. బియ్యం నిండుకున్నాయి బాబూ అని సెప్పినాను. నిండుగున్నాయి గదా అని ఆ వారం బత్తెం ఆపీసినాడు. గంజి తాగినాం. అప్పట్నుంచీ బయటోడితో నాను సూటిగానే అంటాను. దీనితోనూ అదే అన్నాను. ఖాళీ, ఏవీ నేవు, పంపండి అని. అదీ ఆ మేస్త్రీ లాంటిదేరా. దానికి మన మాట తెల్దు. అయిపోనాయని సెప్పు."

దండాసి తన ఇంటి వైపు చూశాడు.

"ఏట్రా?"

"దమయంతి ఇంట్లోనే ఉన్నాది మావా. ఇంటాది."

తవిటయ్య ఆ మాటని ఎగతాళి చేయలేదు. తన సంచుల్లోంచి సగం తీసి దండాసి భుజాన పెట్టాడు. "నాకూ సగమే. మళ్ళీ అడిగితే, మీకిచ్చినవి ఉండాలి గదా అంటాది. ఎల్లి సెప్పు."

ఇంటికొచ్చి దండాసి విషయం చెప్పాడు. గున్నమ్మ ఒప్పుకోలేదు. సంచి తగిలించుకున్న కాసేపటికి కొంచెం తేరుకున్న దమయంతి అంది, "సెప్పనీ అత్తా. నాను సెవులు మూసుకుంటాను. ఇననిది తగలదు."

"నానిక్కడుండను" అని గున్నమ్మ బయటికి పోయింది.

సాయంత్రం దాకా దండాసి ఆ మాటని నోట్లో తిప్పుకున్నాడు. సంచులు అయిపోయినాయి. సంచులు అయిపోయినాయి. ఎన్నడూ ఎక్కని జాతి చెట్టు ఎక్కుతున్నట్టు ఉంది. పెట్టె దీపం వెలిగింది. దమయంతి రెండు చేతులతో చెవులు మూసుకుని, మూసుకున్నానని చూపించడానికి కళ్ళు కూడా మూసుకుంది.

కానీ పెట్టె ఆ పూట సంచుల గురించి అడగలేదు.

"దండాసి గారూ, దమయంతి గారు ఎలా ఉన్నారు?"

అతని దగ్గర సిద్ధంగా ఉన్నది ఒక్కటే మాట.

"అయిపోయిందమ్మా" అన్నాడు. సంచుల పేరు ఎత్తడం మరిచిపోయాడు. "దమయంతికి... అయిపోయింది."

పెట్టె దీపం ఒకసారి మిణుకుమంది.

"చాలా విచారకరం. మీ కుటుంబానికి మా సానుభూతి."

దీపం ఆరిపోయింది. సంతోషం అనలేదు కాబట్టి ఈసారి విన్నదేమో అని ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ మాటల బరువు తరవాత దిగింది. ఆ నాలుగు ముక్కలూ ఎక్కడ వాడతారో అతనికి తెలుసు. పెద్దమనుషులు పోయినప్పుడు రేడియోలో చెబుతారు. పెట్టెని అరచేత్తో కొట్టాడు. "ఉన్నాది! ఉన్నాదమ్మా, బతికే ఉన్నాది!" పెట్టె మూగబోయింది. ఎండ తక్కువ. ఉన్న కాస్త శక్తీ బతికున్నవాళ్ళ ఇళ్ళకి దాచుకోమని దానికి నేర్పారు.

దమయంతి కళ్ళు తెరిచింది. చేతులు ఇంకా చెవుల మీదే ఉన్నాయి. "సెప్పీసినావా? ఏటన్నాది?"

"పంపుతానన్నాది" అన్నాడు దండాసి.

తెల్లారగానే ఆమెని మంచంతో సహా ఎత్తారు. నలుగురు మోశారు. పడిన చెట్ల మీదుగా మంచం ఎక్కిస్తూ, దించుతూ, కల్వర్టు దాకా వెళ్ళేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. కల్వర్టు లేదు. దాని చోట ఎర్రటి నీళ్ళు పరిగెడుతున్నాయి. ఆవలి ఒడ్డున నారింజరంగు చొక్కాల మనుషులు పడవలోకి అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. దండాసి అరిచాడు. వాళ్ళలో ఒకతను చేతిలో వెలుగుతున్న పలకతో నీటి అంచుకి వచ్చాడు.

"ఏ ఊరు?"

"గుల్లలపేట!"

అతను పలక మీద వేలితో రాశాడు. "గుల్లలపేట పచ్చగా ఉందయ్యా. ఒక్క ఇల్లు తప్ప అందరికీ మందు నిండుగా ఉందని చూపిస్తోంది. ఈ చుట్టుపట్ల ఊళ్ళన్నీ పచ్చే. ఎరుపు ఉన్నవన్నీ టౌనులోనే."

"ఎవులికీ ఏటీ నేదు బాబూ! మనిషికి పేణం మీదికొచ్చినాది!"

"పేరు?"

"దమయంతి! దండాసి పెళ్ళాం!"

అతను వెతికాడు. తలెత్తి మంచం వైపు చూశాడు. మళ్ళీ పలక చూశాడు.

"ఈ పేరు తీసేసి ఉంది."

"తీసీడమేటి?"

"లేనట్టు."

దమయంతి మోచేతి మీద లేచింది. ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. ఆ గీతల్లోంచే అతన్ని చూసింది. "ఉన్నాను బాబూ" అంది. ఆ గొంతు మంచం పట్టె దాటలేదు.

"ఉన్నాదంట!" అని దండాసి నీళ్ళ మీద కేకేశాడు.

అతను పడవ వైపు తిరిగి చూశాడు. పడవలో ఉన్న పెట్టెలన్నిటికీ పేర్లు అంటించి ఉన్నాయన్నాడు. పైకి చెబుతానన్నాడు. రేపు వస్తానన్నాడు. చెడ్డవాడిలా లేడు. మాట్లాడుతున్నంతసేపూ మంచం వైపు చూడలేకపోయాడు. తరవాత పడవ ఎరుపు ఉన్నవైపు వెళ్ళిపోయింది.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక దమయంతి అడిగింది. "తీసీసినారా నన్ను? నాను పోనాననే సెప్పీసినావేటి దానితోటి?"

దండాసి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. అబద్ధం ఆడదామని నోరు తెరిచి, ఆడలేక మూశాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఆయాసంతో నవ్వు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "సరే. పోయినోళ్ళకి పథ్యం నేదు గదా. ఓ బొండం కొట్టు."

"ఒద్దులే."

"కొట్టు మరి."

"రేపు పడవొస్తాదన్నాడు."

"వొస్తే వొచ్చిందిలే. మావ దగ్గర మరి తేకు, ముసలాడికీ కాళ్ళు పొంగిపోనాయి. కొట్టు."

అతను కదల్లేదు. మూల కూర్చున్న గున్నమ్మ అంది, కొడుకు వైపు చూడకుండానే. "కొట్రా."

దండాసి లేచాడు. వాకిట్లో బొండాలు చాలా ఉన్నాయి. ఏరాడు. నాలుగైదు చేత్తో ఎత్తి చెవి దగ్గర ఆడించి చూసి, వదిలేసి, లేతది ఒకటి తీశాడు. ఆ చెట్టు తనకి తెలుసు. ఇంటి వెనక గనిమ గట్టు మీది చెట్టు. పెళ్ళయిన కొత్తలో దాని బొండాలే అడిగేది. కత్తితో మూడు దెబ్బల్లో మూతి తీశాడు. చేయి ఎప్పటిలాగే తిన్నగా పడింది. అందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ తాగింది. గడ్డం మీంచి కారినది కూడా వేలితో తీసి నాలిక్కి రాసుకుంది.

"గనిమ సెట్టుది" అంది.

"ఊఁ."

"అదీ పడిపోనాదా?"

"పడిపోనాది."

తెలతెలవారుతుంటే దండాసికి మెలకువ వచ్చింది. గున్నమ్మ కోడలి మంచం పక్కన కూర్చుని, ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"దీపం కొండెక్కిందిరా" అంది.

దండాసి మూలనున్న దీపం వైపు చూశాడు. అది వెలుగుతూనే ఉంది.

పడవ వచ్చింది. నారింజ చొక్కా అతను మాట నిలబెట్టుకున్నాడు. పొద్దెక్కాక చెట్లు దాటుకుంటూ తనే ఒక అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. పెట్టె మీద దమయంతి పేరు ఉంది. వాకిట్లో జనాన్ని చూసి ఆగిపోయాడు. దండాసి ఎదురెళ్ళి పెట్టె అందుకుని, అదే నడకలో తవిటయ్య ఇంటికి మోసుకెళ్ళి గుమ్మంలో దించాడు. తవిటయ్య పెట్టె మీది పేరు చూసి, దాన్ని అరచేత్తో కప్పాడు.

దమయంతి పెద్దదినం కర్మ నాటికి రోడ్డు తెరిచారు. పందిరికి తాటాకు దొరక్క, పడిన చెట్ల మట్టలే అల్లి వేశారు. అందరూ ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటుండగా వైదేహి వచ్చింది. కారు ఎక్కడో వదిలేసి నడిచి వచ్చింది, చీర అంచు బురదగా ఉంది. గున్నమ్మ గుర్తుపట్టి చాప చూపించింది.

వైదేహి కూర్చుంది. కాసేపటికి దండాసి వైపు తిరిగి చెప్పింది. "మీ గొంతు విన్నాను. అన్ని పూటలదీ. ఆ యంత్రం ఎక్కువగా వార్తలు వినే తెలుగు నేర్చుకుంది. జలాశయం నిండితే నిండుకుండ అంటారు వార్తల్లో. మీ మాటని తీసుకెళ్ళి ఆ పక్కన పెట్టుకుంది. తీరం పొడుగునా ప్రతి ఊళ్ళోనూ అదే మాట. అన్ని ఊళ్ళూ పచ్చగా కనబడ్డాయి మాకు. మేం సంతోషించాం కూడా."

దండాసి పందిరి మట్టల సందుల్లోంచి పడుతున్న ఎండ చూస్తున్నాడు.

"మా నాయనమ్మ కూడా నిండుకుందనే అనేది" అంది వైదేహి. "నాకు తెలిసిన మాటే. నాకు తట్టలేదు."

"ఆ పట్నం పిల్లలు సెప్పిన ముక్కలున్నాయి గదా" అన్నాడు తవిటయ్య. "అయిపోయిందని ఈడు సెప్పినాడు గదా."

"సంచుల గురించి అడిగినప్పుడు అంటే సంచులు. మనిషి గురించి అడిగినప్పుడు అంటే మనిషి. అలా నేర్పాం."

గున్నమ్మ చాప అంచు పీకుతోంది. "అమ్మా" అంది. "ఆ వేళ నువ్వు అనమన్నావు. నాను అననేదు. అనీసుంటే నా కోడలు ఉండీదేటి?"

వైదేహి తడబడింది. "తప్పు మీది కాదమ్మమ్మా."

"తప్పు సంగతి నానడగనేదు."

వైదేహి భుజాన సంచిలో గొంతులు పట్టుకునే యంత్రం ఉంది. మళ్ళీ ప్రతి ఇంటి గొంతూ పట్టుకోవడానికే వచ్చింది, మళ్ళీ తుఫాను వచ్చేలోగా. ఆ సంగతి దండాసికి అర్థమైంది, గున్నమ్మకీ అర్థమైంది. వైదేహి చెయ్యి సంచి మీదకి పోయి, అక్కడే ఆగిపోయింది.

"ముందు తిను" అంది గున్నమ్మ.

అడ్డాకు విస్తళ్ళు వేశారు. సాయం కింద వచ్చిన బియ్యం, కూలిన పాదు నుంచి ఏరిన గుమ్మడికాయ పులుసు. పెద్ద పంక్తి లేచాక ఇంటివాళ్ళు కూర్చున్నారు. దండాసి, పక్కన తవిటయ్య, ఆ పక్కన వైదేహి. నాలుగో విస్తరి గున్నమ్మకి. గున్నమ్మే వడ్డిస్తోంది. తవిటయ్యకి పెట్టింది, వైదేహికి పెట్టింది, కొడుక్కి పెట్టింది. తన విస్తరి దగ్గరికి వచ్చేసరికి గరిటె గుండిగ అడుగున గీసుకుంది. మరోసారి గీసింది. ఆ చప్పుడు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ చప్పుడు తరవాత వచ్చే మాటా తెలుసు.

గున్నమ్మ గుండిగ వంచి లోపలికి చూసింది. తలెత్తి, చూరు కింద దీపం లేని పెట్టె వైపు చూసింది.

"అయిపోయింది" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఆ మాట తల్లి నోట దండాసి వినడం అదే మొదలు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గున్నమ్మ గుండిగ గోడవార బోర్లించి వచ్చి, ఖాళీ విస్తరి ముందు కూర్చుంది.

దండాసి తన విస్తట్లో అన్నాన్ని చేత్తో రెండు పాళ్ళు చేసి, ఒక పాలు తల్లి విస్తట్లోకి జరిపాడు. వైదేహి కూడా తన దాంట్లోంచి కొంత తీసి పెట్టింది. తవిటయ్య పులుసు ముంత అటువైపు తోశాడు.

నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.